ఇంట గెలిచేదాకా ఆగమనకండి: ఉత్తర తెలంగాణ ఇంక్యుబేషన్ పెద్దలకు బహిరంగ లేఖ

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌లలో ఇంక్యుబేషన్ సెంటర్లు (కొత్త కంపెనీలకు చోటు, సలహా ఇచ్చే కేంద్రాలు) నడిపే పెద్దలకు, ఎంపిక కమిటీల్లో కూర్చునే ప్రొఫెసర్లకు, మెంటార్లకు నమస్కారం.

నేను హన్మకొండలో ఆడిటర్‌ని. రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, ఒకట్రెండు నర్సింగ్ హోములు నా పాత క్లయింట్లు. కొన్నేళ్లుగా వీళ్లకు తోడు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు కంపెనీ రిజిస్టర్ చేయించుకోవడానికి వస్తున్నారు. వాళ్లలో చాలామంది మీ సెంటర్ల నుంచి వచ్చేవాళ్లే. మీకు చూపించిన స్లైడ్లే నాకూ చూపిస్తారు. మీరు వాళ్ల ఐడియా చూస్తారు, నేను వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తాను. ఆ స్టేట్‌మెంట్లలో కనిపించిన ఒక సంగతి మీ ముందు పెట్టాలనే ఈ లేఖ.

"బయటి దేశాల్లో అమ్ముతాం" అని ఏ పిల్లలైనా అంటే మీ కమిటీల్లో మొదట వినిపించే మాట "ఇంట గెలిచి రచ్చ గెలవాలి". ముందు వరంగల్‌లో పది మందికి అమ్మండి, తర్వాత హైదరాబాద్, ఆ తర్వాత బెంగళూరు, ముంబై. విదేశాల సంగతి మూడు నాలుగేళ్లకు చూద్దాం అంటారు. రైస్ మిల్లు పెట్టేవాడికైతే నేనూ అదే చెబుతాను. కానీ సాఫ్ట్‌వేర్, సెన్సర్లు, డిజైన్ పని, ల్యాబ్‌లో పరీక్ష చేయించి అమ్మే మిర్చి పొడి, చేనేత దర్రీలు లాంటి వాటికి ఈ వరస పనికిరాదు. ఇలాంటి కంపెనీ మొదటి ఏడాదిలోనే, ఇక్కడ పది మంది కస్టమర్లు దొరక్క ముందే, ఒక్క పరాయి దేశంలో ఒక్క కస్టమర్‌ని పట్టుకోవాలి. మీరు అడ్డు చెప్పకపోతే చాలనను, సాయం కూడా చేయాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. పేర్లు అడగకండి.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మిర్చి సీజన్‌లో ధర నచ్చని రైతు బస్తాలు లోపల పెట్టి ఎదురుచూస్తాడు. లోపల చల్లదనం, తేమ అటూ ఇటూ అయితే కాయ రంగు పోతుంది, బూజు పడుతుంది. ముగ్గురు పిల్లలు దీనికోసం చిన్న డబ్బా ఒకటి తయారుచేశారు. గదిలో ఎన్ని డిగ్రీలుంది, తేమ ఎంత, తలుపు ఎంతసేపు తెరిచి ఉంది అన్న వివరాలు ఓనర్ ఫోన్‌కు వస్తాయి. ఓనర్లు చూశారు, బాగుందన్నారు, పెట్టించుకున్నారు. డబ్బు మాట ఎత్తితే మాత్రం "సీజన్ అయినంక చూద్దాం తమ్మీ". సీజన్ అయ్యాక "అద్దెలే వసూలు కాలేదు, సరుకు బయటికి పోనీ". స్లైడ్లలో వాళ్లకు కస్టమర్లు ఉన్నారు. స్టేట్‌మెంట్‌లో జమ లేదు.

ఓనర్లను తప్పుపట్టను. ఆ వ్యాపారమంతా ఉద్దెర మీదే నడుస్తుంది. రైతుకు సరుకు మీద అప్పిస్తారు, అడ్తిదారు నుంచి రావాల్సింది ఆగి ఉంటుంది, బ్యాంకు కిస్తీ మాత్రం ఆగదు. ఆ చెల్లింపుల వరసలో ముగ్గురు పిల్లల కంపెనీ అందరికంటే చివర నిలబడుతుంది. మనం "లోకల్ మార్కెట్‌లో నిలదొక్కుకోండి" అంటున్నప్పుడు వాళ్లను ఆ వరసలోకే పంపుతున్నామని గుర్తుంచుకోవాలి.

ఆ ముగ్గురిలో ఒకరి మేనమామది జగిత్యాల వైపు. ఒమన్‌లో ఖర్జూరం కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రీషియన్. సెలవు మీద వచ్చినవాడు ఈ డబ్బా చూసి, మా సేఠ్‌కు చూపిస్తానని ఫొటోలు, వీడియోలు ఫోన్లో వేసుకుపోయాడు. కొన్నాళ్లకు అటునుంచి వాట్సాప్‌లో ప్రశ్నలు వచ్చాయి. రీడింగును తర్వాత ఎవరూ దిద్దలేరని గ్యారంటీ ఏమిటి? కరెంటు పోయిన గంటలో రికార్డు ఏమవుతుంది? సెన్సర్‌ను ఎవరు కాలిబ్రేట్ చేశారు (కొలత సరిచూశారు), సర్టిఫికెట్ ఏది? అరబిక్‌లో మెసేజ్ వస్తుందా? లోపల సిమ్ కార్డు ఉంది కదా, ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆమోదం ఉందా?

ఎనుమాములలో ఒక్కరూ ఇవి అడగలేదు, అడగాల్సిన పని వాళ్లకు పడలేదు. అక్కడ మాత్రం తనిఖీకి వచ్చే అధికారికి రికార్డు చూపించాలి, ఖర్జూరం కొనే సూపర్‌మార్కెట్‌కూ చూపించాలి. పిల్లలు కొన్ని నెలలు కిందామీదా పడి డబ్బా లోపల సగం మార్చేశారు. సిమ్ తీసేసి అక్కడి వైఫైకి కలిపారు. కరెంటు పోయినా రీడింగు ఆగకుండా బ్యాటరీ పెట్టారు. ఏడాది ఫీజు ముందే వచ్చింది. ఇంకో మాట. మన దగ్గర మిర్చి రాక ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అక్కడ ఖర్జూరం కోత మన ఎండాకాలం ముగిసే వేళకు మొదలవుతుంది. మన సీజన్ హడావుడి తగ్గేసరికి వాళ్లది అందుకుంటుంది. ఏడాదంతా జీతాలు ఇవ్వాల్సిన చిన్న కంపెనీకి ఇది ఎంత పెద్ద విషయమో లెక్కలు చూసేవాడికే తెలుస్తుంది.

ఆ తర్వాత మసాలాలు ఎగుమతి చేసే ఒక మన ప్రాంతపు వ్యాపారి అదే డబ్బాను, మార్చకుండా, అడిగిన ధరకు కొన్నాడు. అతని విదేశీ బయ్యర్ కూడా నిల్వ రికార్డు అడుగుతున్నాడట. అంటే ఇంట్లో డబ్బులిచ్చే మొదటి కస్టమర్ దొరికింది రచ్చకు వెళ్లొచ్చాకే.

ఇది ఒక్క కేసు కదా అంటారు. మీలో మేనేజ్‌మెంట్ చెప్పే ప్రొఫెసర్లకు నాకంటే బాగా తెలిసిన విషయమే గుర్తు చేస్తాను. మీరు చెప్పే మెట్ల వరసకు పుట్టినిల్లు స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం. 1970లలో అక్కడి పరిశోధకులు వోల్వో, సాండ్విక్, అట్లాస్ కాప్కో వంటి కంపెనీలు ఎలా పెరిగాయో చూశారు. ముందు సొంత దేశం, తర్వాత పక్క దేశానికి ఏజెంటు ద్వారా ఎగుమతి, తర్వాత అక్కడ సేల్స్ ఆఫీసు, చివరికి ఫ్యాక్టరీ. లారీలు, ఉక్కు పనిముట్లు అమ్మేవాళ్లు, ట్రంకాల్ రోజుల్లో నడిచిన దారి అది. 1994లో ఓవియాట్, మెక్‌డౌగల్ అనే ఇద్దరు పరిశోధకులు కొన్ని కంపెనీలు పుట్టుకతోనే పలు దేశాల్లో వ్యాపారం మొదలుపెడుతున్నాయని, ఈ మెట్లు వాటికి వర్తించడం లేదని రాశారు. 2000లో ఫిన్లాండ్ ఎలక్ట్రానిక్స్ కంపెనీల మీద జరిగిన అధ్యయనంలో తేలింది ఇంకా సూటిగా ఉంది. ఎంత చిన్న వయసులో బయటి దేశానికి అమ్మడం మొదలుపెడితే, బయటి అమ్మకాలు తర్వాత అంత వేగంగా పెరిగాయి.

వాళ్లు చెప్పిన కారణం నాకు రోజూ కనిపిస్తుంది. పాత కంపెనీకి నేర్చుకోవడం కంటే మరిచిపోవడం కష్టం. నా దగ్గరే పదేళ్లు దాటిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. అంతా ప్రభుత్వ టెండర్ల పనే. బిల్లు ఫార్మాట్, ధర కట్టే పద్ధతి, మనుషులను పెట్టుకునే పద్ధతి, ఆఖరికి మెయిల్ రాసే తీరు కూడా టెండర్ చుట్టూ అల్లుకుపోయాయి. ఆస్ట్రేలియా నుంచి ఎవరో అడిగితే, నెలకింత అని ధర చెప్పడానికే మీటింగుల మీద మీటింగులు పెట్టారు. ఈలోగా అడిగినవాళ్లు ఇంకొకరిని చూసుకున్నారు. ముగ్గురు పిల్లల కంపెనీకి మార్చుకోవడానికి ఏముంటుంది? ఒక రాత్రి కూర్చుంటే చాలు.

మన దేశంలోనే ఇంత పెద్ద మార్కెట్ ఉండగా ఎందుకు పోవాలని ఒక మెంటార్ నన్ను అడిగారు. ఎస్టోనియా జనాభా సుమారు 13 లక్షలు. మన హన్మకొండ, వరంగల్ జిల్లాలు రెండూ కలిపితే అంతకంటే ఎక్కువే ఉంటారు. 2003లో స్కైప్ అక్కడ తయారైంది. సొంత దేశంలో అమ్ముకుని పెరుగుదామనే ఆశే వాళ్లకు లేదు, కాబట్టి మొదటి రోజు నుంచే ప్రపంచాన్ని దృష్టిలో పెట్టుకున్నారు. మనకు 140 కోట్లు ఉన్నాయన్న ధీమా. కానీ వరంగల్‌లో కూర్చున్న సెన్సర్ కంపెనీకి ఆ 140 కోట్లు అందుబాటులో లేవు. గుంటూరు వెళ్తే అక్కడ వేరే ఏజెంట్లు, వేరే ఉద్దెర లెక్క. ఆగ్రా ఆలుగడ్డ స్టోరేజీలకు వెళ్తే వేరే భాష, వేరే పరపతి. ఆగ్రాలో ఒక కస్టమర్‌ను పట్టే కష్టంతో మస్కట్‌లో ఒకరిని పట్టొచ్చు. పైగా మస్కట్‌లో మన చుట్టం ఉన్నాడు.

తమిళనాడు సంగతీ చూడండి. 2010లో చెన్నైలో మొదలైన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫ్రెష్‌వర్క్స్‌కు మొదటి కస్టమర్ చెన్నై కంపెనీ కాదు, ఆస్ట్రేలియాలోని ఒక కాలేజీ. 2021 సెప్టెంబర్‌లో అది అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్టయింది. జోహో వాళ్లు తెన్‌కాశి పక్కన పల్లెలో ఆఫీసు పెట్టి ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్ పని చేయిస్తున్నారు. తెన్‌కాశి కంటే హన్మకొండ ఎందులో తక్కువ? ఇక్కడ 1959 నుంచి ఇంజనీరింగ్ చదువు చెబుతున్న నిట్ ఉంది, 1976 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. మడికొండలో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ వచ్చాయి. ఆ ఆఫీసుల్లో మన పిల్లలు చేస్తున్నది బయటి దేశాల పనే కదా. జీతానికి చేయగలిగిన పని సొంత పేరు మీద చేయలేరని ఎందుకు అనుకుంటున్నాం?

ఇక మీ భయం. అది ఉత్త భయమని కొట్టిపారేయను. 2006లో, ఆ ఫిన్లాండ్ అధ్యయనం చేసినవాళ్లలో ఇద్దరున్న బృందం ఇంకో మాట చెప్పింది. తొందరగా బయటికి వెళ్తే పెరిగే అవకాశం పెరుగుతుంది, కానీ నిలబడే అవకాశం తగ్గవచ్చు. చేతిలో డబ్బు, అనుభవం ఉన్న మనుషులు లేకపోతే మరీ. మీరు ఈ రెండో సగాన్నే పట్టుకున్నారు. పెద్ద పేర్లు కూడా మీకు సాక్ష్యం చెబుతాయి. జొమాటో 2015లో అర్బన్‌స్పూన్ అనే రెస్టారెంట్ల సైటును కొని అమెరికాలో దిగింది, నిలవలేక వెనక్కి వచ్చింది. ఓలా 2018లో ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో అడుగుపెట్టి 2024లో దుకాణం సర్దేసింది.

అయితే అవి ఎలాంటి వ్యాపారాలో చూడాలి. క్యాబ్ యాప్‌కు ప్రతి ఊళ్లో డ్రైవర్లను కొత్తగా పోగు చేయాలి, ప్రయాణికులకు కొత్తగా అలవాటు చేయాలి. హైదరాబాద్‌లో ఉన్న లక్ష మంది డ్రైవర్లు లండన్‌లో ఒక్క ట్రిప్పుకూ పనికిరారు. ఊరు మారితే మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన వ్యాపారం అది. పైగా వాళ్లు చాలా దేశాల్లో ఒకేసారి డబ్బు పోశారు. కోల్డ్ స్టోరేజీ డబ్బాకు ఆ తలనొప్పి లేదు. ఇక్కడ నేర్చుకున్నది అక్కడా పనికొస్తుంది. కాబట్టి మీ ముందుకు పిల్లలు వచ్చినప్పుడు అడగాల్సింది "ముందు ఎక్కడ గెలిచారు" అని కాదు. "ఊరు మారితే మీ పనిలో ఎంత మళ్లీ మొదటి నుంచి చేయాలి" అని అడగండి. పాలు ఇంటికి తెచ్చే యాప్ అయితే నిస్సంకోచంగా వరంగల్‌లోనే ఉండమనండి.

ఒక్క దేశం అని నేను అన్నది మొదటి అడుగుకు. ఆ ఒక్కదాని మీదే బతకమని కాదు. 2025 ఆగస్టులో ఏమైందో వరంగల్‌లో దర్రీలు నేసే కొత్తవాడలో అడిగితే చెబుతారు. వరంగల్ తివాచీ 1851లోనే లండన్ ప్రదర్శనకు వెళ్లింది, వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (ఇది ఫలానా ప్రాంతపు సరుకు అనే) గుర్తింపు వచ్చింది, ఆ పేరుతో ఆన్‌లైన్‌లో అమెరికాకు అమ్ముకునే చిన్న సంస్థలు పుట్టాయి. ఆగస్టు 27 నుంచి చాలా భారతీయ సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. 800 డాలర్లలోపు పార్సిల్‌కు సుంకం లేదన్న వెసులుబాటు ఆగస్టు 29తో పోయింది. మన తపాలా శాఖ ఆ వారమే అమెరికాకు చాలావరకు పార్సిళ్లు ఆపేసింది. అంతా ఒక్క వారంలో. అమెరికా తప్ప వేరే బయ్యర్ లేనివాళ్లకు పండగ సీజన్ ఆర్డర్లు గోడౌన్‌లోనే ఉండిపోయాయి. యూఏఈతో 2022 మే నుంచి, ఆస్ట్రేలియాతో అదే ఏడాది డిసెంబర్ నుంచి వాణిజ్య ఒప్పందాలు అమల్లో ఉన్నాయి. వాటి వల్ల ఏ సరుకుకు ఎంత సుంకం తగ్గిందో మీ సెంటర్లలో ఎవరైనా ఒక్క పూట క్లాసు చెప్పారా?

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌లలో గల్ఫ్‌కు వెళ్లిన మనిషి లేని పల్లె దొరకడం కష్టం. ఏ గోడౌన్‌లో ఏ మెషీన్ ఉందో, ఏ సేఠ్ దేనికి డబ్బు పెడతాడో, దేనికి పెట్టడో వాళ్లకు తెలుసు. మనం వాళ్లను డబ్బు పంపే మనుషులుగానే చూశాం. అమెరికాలో స్థిరపడ్డ పూర్వ విద్యార్థి వస్తే శాలువా కప్పి మైకు ఇస్తారు. ఒమన్‌లోని సలాలా నుంచి సెలవు మీద వచ్చిన ఎలక్ట్రీషియన్‌ను మీ సెంటర్‌లోకి ఎప్పుడైనా పిలిచారా? పిలవండి. శాలువా వద్దు, పిల్లలతో ఒక గంట కూర్చోబెట్టండి చాలు. పూర్వ విద్యార్థులను కూడా స్ఫూర్తి ప్రసంగాలు అడగడం మాని, "మీ కంపెనీలో ఈ వస్తువు కొనే నిర్ణయం తీసుకునేది ఎవరు, ఒక్క మెయిల్ రాస్తారా" అని అడగండి.

మన బ్రోచర్లన్నిటి మీదా కాకతీయ తోరణం బొమ్మ ఉంటుంది కాబట్టి ఒక సంగతి చెప్పుకోవాలి. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారు. ప్రాణం కంటే ధనమే ఎక్కువ అని తలచి సముద్రానికి తెగించే వర్తకుల మీద దయతో, న్యాయమైన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నానని అందులో రాయించాడు. ముప్పైలో ఒక వంతు సుంకమన్నాడు. ఓరుగల్లులో కూర్చున్న రాజు వ్యాపారం తాను చేయలేదు. పోయేవాడి రిస్కులో తన వంతు తగ్గించాడు, అంతే. మీ నుంచి పిల్లలకు కావాల్సింది అదే.

ఆ రిస్కు చాలావరకు కాగితాల్లో ఉంటుంది. నా కళ్లతో చూసింది చెబుతాను. ఒమన్ నుంచి మొదటి ఫీజు వచ్చిన రోజు ఆ పిల్లలు స్వీట్లు పట్టుకుని నా ఆఫీసుకు వచ్చారు. బ్యాంకు ఇచ్చిన అడ్వైస్ కాగితం చూస్తే పర్పస్ కోడ్ (విదేశీ డబ్బు దేనికోసం వచ్చిందో చెప్పే నంబరు) దగ్గర "కుటుంబ పోషణ" అని పడింది. ఆ బ్రాంచికి గల్ఫ్ నుంచి వచ్చే డబ్బంటే అదే అలవాటు, క్లర్కు చేయి తిరిగిపోయింది. కంపెనీ కరెంటు ఖాతాకు కుటుంబ పోషణ ఏమిటని అడిగితే "డబ్బు పడింది కదా సార్, ఇంకేంటి టెన్షన్" అన్నాడు. టెన్షన్ ఎందుకంటే, ఆ కోడ్ తప్పుంటే అది ఎగుమతి ఆదాయమని చూపించడం కష్టం, జీఎస్టీ రీఫండ్ అడిగినప్పుడు పేచీ వస్తుంది. దిద్దించడానికి రోజుల తరబడి తిరిగారు. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ రాయాల్సిన పిల్లలు బ్రాంచి బయట బెంచీ మీద కూర్చున్నారు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. సరుకు పంపాలంటే ఐఈసీ (ఎగుమతి దిగుమతి కోడ్) నంబరు కావాలి. ఆన్‌లైన్‌లో 500 రూపాయలతో అయిపోతుంది, దానికే వేలు తీసుకునే ఏజెంట్లున్నారు. అమెరికా కస్టమర్ అయితే, మీరు అమెరికా వాళ్లు కాదని పన్ను లెక్కకు చూపించే డబ్ల్యూ-8 ఫారం అడుగుతాడు. అదేమిటో తెలియక పిల్లలు వారం మాట్లాడకుండా ఉంటారు, అటువైపు వీళ్లేదో దాస్తున్నారనుకుంటారు. ఇక 2025లో జీఐ వచ్చిన మన చపాటా మిర్చి పొడిని యూరప్‌కు పంపుదామనుకునే వాళ్లకు అఫ్లటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) పరీక్ష ఉంటుంది. కిలోకు మొత్తం 10 మైక్రోగ్రాములు దాటితే యూరప్‌లో అమ్మడానికి వీల్లేదు. కాయను కల్లంలో నేల మీద ఆరబెట్టిన చోటే ఆ లెక్క తేలిపోతుంది, కాబట్టి పరీక్ష ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ చేయించాలి. కొత్త కంపెనీ చేతిలో ఆ ఖర్చుకు డబ్బుండదు. మీరు లోగోలకు, స్టాండీలకు, డెమో డేలకు పెట్టే బడ్జెట్‌లోంచి ల్యాబ్ ఫీజులకు కొంత పక్కన పెడితే ఎన్ని కంపెనీలు గట్టెక్కుతాయో. మంత్రి గారితో కలిసి ఫలానా దేశానికి వెళ్లే బృందంలో ఇద్దరు పిల్లలను చేర్చి ఫొటో దింపడం కంటే ఇది చవక.

మీ దరఖాస్తు ఫారంలో "స్థానికంగా ఎంతమంది కస్టమర్లు" అన్న గడి ఉంది. దాని కింద ఇంకో గడి పెట్టండి: డబ్బు నిజంగా చెల్లించినవాళ్లు ఎందరు, వాళ్లు ఏ దేశంలో ఉన్నారు. మార్కులు మొదటి గడికి కాకుండా రెండోదానికి వేయండి. జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు అధికారులను ఒకసారి మీ సెంటర్‌కు పిలిచి, ప్రతి ఊళ్లో కనీసం ఒక బ్రాంచిలో పర్పస్ కోడ్లు తెలిసిన ఒక మనిషిని చూపించమని అడగండి. కలెక్టర్ గారి మీటింగులో మీకు కుర్చీ ఉంటుంది, నాకుండదు, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

చివరగా ఒక తేదీ. పన్ను కట్టకుండా ఎగుమతి బిల్లు రాయాలంటే జీఎస్టీలో ఎల్‌యూటీ అనే హామీ పత్రం వేయాలి. అది ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. మార్చి 31 రాత్రితో పాతది అయిపోతుంది, ఏప్రిల్ 1 నుంచి కొత్తది కావాలి. ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని, ఫీజు లేదు, కానీ మరిచిపోయేవాళ్లే ఎక్కువ. మార్చి చివరి వారంలో మీ సెంటర్‌లో ఒక టేబుల్, ఒక కంప్యూటర్ వేయించండి. ఆడిటర్లకు అది ఊపిరాడని నెల అని మీకూ తెలుసు. అయినా సాయంత్రం ఆరు తర్వాత నేనొచ్చి కూర్చుంటాను, నాతో ఇంకో ఇద్దరు మిత్రులు వస్తామన్నారు. ఫీజేమీ వద్దు. ఏ రోజో చెబితే చాలు.

ఇట్లు,
హన్మకొండ నుంచి ఒక ఆడిటర్